వసతి గృహంలో మీటరు విద్యార్థుల కంటికి కనబడాలి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను. మీరు ఒక విశ్వవిద్యాలయంలో అధ్యాపకులు, ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం) కార్యక్రమ అధికారి కూడా. గత రెండేళ్లుగా డిసెంబరు 14న జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం జరిపారు, ప్రతిజ్ఞ చేయించారు, వ్యాసరచన పోటీ పెట్టారు, హాస్టళ్ల గోడల మీద పోస్టర్లు అంటించారు. అయినా గదులకు తాళాలు వేసి ఉన్న వేళల్లో లోపల ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి, బిల్లు తగ్గలేదు. విద్యార్థులకు కరెంటు పొదుపు అలవాటు కావాలంటే ఏం చేయాలని, జరిమానాలు మేలా బహుమతులు మేలా అని అడిగారు.

నేను ఒక విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ విభాగంలో 22 ఏళ్లు విద్యుత్తు పనులు చూశాను. చివరి ఆరేళ్లు హాస్టళ్ల నిర్వహణ కూడా నా బాధ్యతే కావడం వల్ల పగలు మీటర్లతోనూ సాయంత్రాలు విద్యార్థులతోనూ గడిచాయి. ఆ అనుభవంతో చెబుతున్నాను: పిల్లలకు పట్టింపు లేదన్న నిర్ణయంతో మాత్రం పని మొదలుపెట్టవద్దు. హాస్టల్‌లో ఫ్యాన్ ఆపకుండా వెళ్లిపోయే కుర్రవాడే సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు, ముందు గదిలో లైటు ఊరికే వెలుగుతుంటే అమ్మ చెప్పకముందే లేచి ఆపుతాడు. మనిషి అతడే, చోటు వేరు. ఇంట్లో బిల్లు ఎంత వచ్చిందో నెలనెలా చెవిన పడుతుంది, మీటరు గుమ్మం పక్కనే ఉంటుంది, రీడింగ్ తీసే మనిషి వచ్చి చీటీ చేతిలో పెట్టి వెళ్తాడు. విశ్వవిద్యాలయంలో సాధారణంగా ప్రాంగణమంతటికీ కలిపి ఒకే హెచ్.టి. (హై టెన్షన్, అంటే అధిక వోల్టేజి) సర్వీసు, ఒకే బిల్లు. అది రిజిస్ట్రారు కార్యాలయానికి వచ్చి, ఫైనాన్స్ విభాగానికి వెళ్లి, చెల్లింపు అయిపోతుంది. ఏ హాస్టల్ ఎంత వాడిందో విద్యార్థి సంగతి అటుంచి వార్డెన్‌కే తెలియదు. కాబట్టి నా సమాధానమంతా ఒక్క విషయం చుట్టూనే ఉంటుంది: ఎంత వాడుతున్నామో వాడేవారి కంటికి కనబడాలి, అంతకంటే ముందు సంస్థ తన వంతు పని తాను చేసి ఉండాలి.

తాళం వేసిన గదుల్లో తిరిగే ఫ్యాన్ల గురించే మొదట చెబుతాను, ఎందుకంటే నాకు పాఠం చెప్పింది అవే. ఒక ఆగస్టు నెలలో ఉదయం 11 గంటలకు ఒక పురుషుల హాస్టల్ రెండో అంతస్తులో కిటికీల్లోంచి చూసుకుంటూ వెళ్లాను. చాలా గదుల్లో ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరుగుతున్నాయి. తరగతి నుంచి మధ్యలో వచ్చిన ఒక విద్యార్థి తన గది తలుపు తీస్తే లోపలికి చూశాను. ఒక గోడ మేకు నుంచి ఎదుటి గోడ మేకుకు నైలాన్ తాడు కట్టి ఉంది. దాని మీద రెండు ప్యాంట్లు, నాలుగు చొక్కాలు, ఒక దుప్పటి, అన్నీ తడివి, ఫ్యాన్ కింద ఊగుతున్నాయి. కింద గచ్చు మీద నీటి చుక్కలు. "మేడ మీద ఆరేస్తే కోతులు లాక్కుపోతున్నాయి సార్, వానొస్తే తీసేవాళ్లుండరు" అన్నాడు. మరో మూడు గదుల్లో అడిగినా అదే జవాబు. మేము నిర్లక్ష్యం అనుకున్నది నిజానికి బట్టలు ఆరేసుకునే చోటు లేకపోవడం. మేడ మీద మెట్ల గది పక్కన ఇనుప రేకుల కప్పు వేసి, చుట్టూ జాలీ కొట్టించి, తుప్పు పట్టని జి.ఐ. తీగలు లాగించాం. పగటి పూట తిరిగే ఫ్యాన్లు తగ్గింది ఆ తరువాతే. ఆ హాస్టల్‌లో అంతకుముందు అంటించిన పోస్టర్లు ఏవీ ఆ పని చేయలేకపోయాయి.

అందువల్ల మీరు కూడా ప్రచారానికి ముందు ఒక వారం రోజులు తిరగండి. పొద్దున 5 గంటలకు ఒకసారి, 11 గంటలకు ఒకసారి, రాత్రి 12 తరువాత ఒకసారి. ఏ చోట ఏది అనవసరంగా నడుస్తోందో రాసుకోవడంతో సరిపెట్టక, అది ఎందుకు నడుస్తోందో అక్కడి పిల్లలనే అడగండి. తప్పు పట్టే గొంతుతో అడిగితే నిజం రాదు. "ఇక్కడ మీకేం ఇబ్బందిగా ఉంది?" అని అడిగితే వస్తుంది.

తరగతి గదుల్లో సమస్య ఇంకొకటి. మన దగ్గర ఒక పెద్ద గదికి రెండు స్విచ్‌బోర్డులు, ఒక్కొక్క దానిలో 8 నుంచి 10 స్విచ్‌లు ఉంటాయి. ఏ స్విచ్ ఏ ఫ్యానుదో ఎక్కడా రాసి ఉండదు. చివరగా వెళ్లే విద్యార్థి ఒకటి నొక్కుతాడు, ఆగిపోవాల్సింది ఆగదు, వెలగకూడనిది వెలుగుతుంది. రెండోది నొక్కుతాడు, అదీ కాదు. తరువాత పీరియడ్‌కు ఆలస్యమవుతోందని వదిలేసి వెళ్లిపోతాడు. ఒక డబ్బా రంగు, ఒక సన్నని కుంచె, ఒక పూట పని ఉంటే దీనికి పరిష్కారం దొరుకుతుంది: స్విచ్ కింద 1, 2, 3 అని అంకెలు వేసి, అవే అంకెలను ఫ్యాన్ గొట్టం మీద, ట్యూబ్‌లైట్ పట్టీ మీద కింది నుంచి కనబడేలా రాయించాలి. కిటికీ పక్క వరస దీపాలకు విడిగా స్విచ్ ఉంటే పగలు ఆ వరసను ఆపుకోవచ్చు. హాస్టల్ గదుల్లో వైరింగ్ మార్చే అవకాశం వచ్చినప్పుడు తలుపు పక్కన ఒకే ఒక్క పెద్ద స్విచ్ పెట్టించండి. దాన్ని నొక్కితే గదిలోని ఫ్యాన్లు, దీపాలు అన్నీ ఆగాలి. ప్లగ్ పాయింట్లు మాత్రం దాని కింద ఉండకూడదు. ల్యాప్‌టాప్ ఛార్జింగ్ ఆగిపోతుందంటే ఆ స్విచ్‌ను ఎవరూ నొక్కరు. అలవాటు అనేది చేతికి అందే దూరంలో, ఒక్క కదలికలో అయ్యే పనికే త్వరగా పడుతుంది.

విద్యార్థులను అడిగే ముందు సంస్థగా మన వైపు సరిచేసుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి. వరండాల్లో పట్టపగలు వెలిగే దీపాలు ఎవరి గదివీ కావు కాబట్టి ఎవరూ ఆపరు, వాటికి టైమరు ఉండాలి. మేడ మీది ట్యాంకు నిండి పొర్లిపోతుంటే 7.5 హార్స్‌పవర్ మోటారు గంటకు 6 యూనిట్లకు పైగా తినేస్తుంది. ఆ నీళ్లు గోడ వెంట కారుతుండగా దాని పక్కనే "విద్యుత్తును ఆదా చేయండి" అన్న పోస్టరు ఉంటే విద్యార్థి ఆ పోస్టరును నమ్మడు, నమ్మకపోవడంలో అతని తప్పూ లేదు. పాత పెట్టె రెగ్యులేటర్లు ఫ్యాన్ వేగాన్ని తగ్గిస్తాయే గానీ, తగ్గించిన కరెంటులో చాలా భాగాన్ని తమలోనే వేడిగా ఖర్చు చేసేస్తాయి. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు పెట్టాకే "వేగం తగ్గించుకోండి" అనే మాటకు అర్థం ఉంటుంది. ఫ్యాన్లు మార్చే స్తోమత ఉంటే తక్కువ కరెంటుతో నడిచే మోటారు ఉన్న బి.ఎల్.డి.సి. ఫ్యాన్లు తీసుకోవాలి. పాతది 75 వాట్లు తీసుకునే చోట ఇది 30 వాట్ల ప్రాంతంలో పనిచేస్తుంది. హాస్టల్ గదిలో ఫ్యాన్ రోజుకు 15 గంటలు, ఏడాదికి 300 రోజులు తిరుగుతుందనుకుంటే ఒక్కో ఫ్యాన్ మీద 200 యూనిట్లు మిగులుతాయి. ఈ మిగులు ఎవరి అలవాటు మీదా ఆధారపడదు, అందుకే దీన్ని ముందు చేయాలి.

ఇక కంటికి కనబడటం గురించి. నేను చేయించిన వాటిలో విద్యార్థుల మనసుకు అన్నిటికంటే బాగా పట్టింది ఒక చెక్క పలక. దాని మీద ఒక సింగిల్ ఫేజ్ మీటరు, ఒక ఫ్యాన్ రెగ్యులేటరు, ఒక ఎల్.ఇ.డి. ట్యూబ్‌లైట్, నాలుగు ప్లగ్ పాయింట్లు బిగించాం. ఎలక్ట్రానిక్ మీటరు ముఖం మీద చిన్న ఎర్ర దీపం ఒకటి మెరుస్తూ ఉంటుంది కదా, ఎన్ని మెరుపులకు ఒక యూనిట్టో దాని మీదే ముద్రించి ఉంటుంది. చాలా మీటర్ల మీద అది 3200. మొదట ట్యూబ్‌లైట్ ఒక్కటే వేసి, గది నిశ్శబ్దంగా ఉండగా మెరుపు కోసం ఎదురుచూడమంటాం. 20 వాట్ల దీపానికి దాదాపు నిమిషానికి ఒక్క మెరుపు వస్తుంది. ఫ్యాన్ వేస్తే 15 సెకన్లకు ఒకటి. తరువాత 2000 వాట్ల గీజరు ప్లగ్ పెడతాం. ఎర్ర దీపం సెకనుకు దాదాపు రెండుసార్లు కొట్టుకోవడం మొదలుపెడుతుంది. అందరూ ఒక్కసారిగా ముందుకు వంగుతారు. వాట్లు, యూనిట్లు ఇంటర్మీడియట్‌లో చదువుకున్న పిల్లలే, కానీ ఆ తేడాను కళ్లతో చూసినది ఆ రోజే. ఆ తరువాత "ఏది ఎక్కువ తింటుంది?" అన్న ప్రశ్నకు ఎవరూ పొరపాటు జవాబు చెప్పరు.

ఈ పలక అవసరం ఎందుకంటే, మన పోస్టర్లలో చాలా భాగం శ్రమను తప్పు చోట పెట్టిస్తాయి. మొబైల్ ఛార్జరును ప్లగ్ నుంచి తీసేయమని ప్రతి పోస్టరూ చెబుతుంది. ఒక మొబైల్‌ను పూర్తిగా ఛార్జి చేయడానికి పట్టేది యూనిట్‌లో దాదాపు నలభయ్యో వంతు. ఊరికే ప్లగ్‌లో ఉన్న ఛార్జరు తీసుకునేది అంతకంటే ఎంతో తక్కువ. అదే 75 వాట్ల ఫ్యాన్ ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా ఖాళీ గదిలో తిరిగితే అర యూనిట్ పోతుంది. అలాంటి గదులు 100 ఉంటే రోజుకు 50 యూనిట్లు. మన దేశంలో ఇప్పటికీ కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు నుంచే వస్తుంది కాబట్టి, యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్కన ఆ ఒక్క హాస్టల్ నుంచే రోజుకు 35 కిలోలు. విద్యార్థి ఓపికకు ఒక హద్దు ఉంటుంది. దాన్ని ఛార్జరు మీద ఖర్చు పెట్టించి ఫ్యాన్ దగ్గరికి వచ్చేసరికి అయిపోనివ్వకూడదు. ఒక్కో చోటికి ఒకే పని అడగండి: గదిలో ఫ్యాన్, ల్యాబ్‌లో కంప్యూటరు, స్నానాల గదిలో వేడినీళ్లు. పది సూచనల జాబితా ఇస్తే ఒక్కటీ గుర్తుండదు.

ప్రతి హాస్టల్ బ్లాకుకూ దాని వాడకాన్ని విడిగా కొలిచే ఒక సబ్‌మీటరు పెట్టించడం రెండో మెట్టు. ప్రాంగణపు నెల బిల్లుతో పోలిస్తే దాని ఖర్చు ఎక్కువేమీ కాదు. కానీ మీటరు పెట్టి ప్యానెల్ గదికి తాళం వేస్తే పాత కథే. రీడింగ్ మెస్ గుమ్మం దగ్గరికి రావాలి. మన విశ్వవిద్యాలయాల హాస్టళ్లలో చాలా చోట్ల మెస్ డివైడింగ్ పద్ధతిలో నడుస్తుంది. నెల ఖర్చును భోజనం చేసిన రోజుల మొత్తంతో భాగించి, రోజుకు ఎంత పడిందో నోటీసు బోర్డులో పెడతారు. ఆ రేటు రెండు రూపాయలు పెరిగితే చాలు, మెస్ సెక్రటరీని నిలదీస్తారు, కందిపప్పు ఎన్ని కిలోలు వచ్చిందో, కూరగాయల బిల్లు ఎవరు తెచ్చారో లెక్క చూపమంటారు. లెక్క అడిగే సంస్కారం మన హాస్టళ్లలో ఎప్పటి నుంచో ఉంది. కరెంటును కూడా ఆ లెక్కలోకి తేవడమే మనం చేయవలసింది. "నిన్న మన బ్లాకు 310 యూనిట్లు, ఉన్నవారు 155 మంది, మనిషికి 2 యూనిట్లు" అని మెస్ రేటు రాసే బోర్డు మీదే, సుద్దముక్కతో, ప్రతి ఉదయం టిఫిన్ వేళకు రాయించండి. రాసేది వాచ్‌మన్ కాకూడదు, ఆ వారం వంతు వచ్చిన ఇద్దరు విద్యార్థులే రాయాలి. తాము రాసిన అంకె పెరిగితే ఎందుకు పెరిగిందో వాళ్లే వెతుకుతారు. మనిషికి ఇంత అని భాగించి రాయడం తప్పనిసరి. పండగకు సగం మంది ఊళ్లకు వెళ్లినప్పుడు మొత్తం యూనిట్లు తగ్గితే, దాన్ని పొదుపు అనుకునే ప్రమాదం ఉంది.

ఇలా చూపిస్తే నిజంగా తగ్గుతుందా అంటే, అధ్యయనాలు రెండు వైపులా ఉన్నాయి. 2005లో అమెరికాలోని ఓబర్లిన్ కళాశాల వసతి గృహాల్లో వాడకం ఎంతో విద్యార్థులకు చూపిస్తూ రెండు వారాల పోటీ పెడితే విద్యుత్తు వాడకం 32 శాతం తగ్గింది. అయితే రెండు వారాల ఉత్సాహం ఏడాది పొడుగునా ఉంటుందని దాని ఆధారంగా చెప్పలేం. కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్ పట్టణంలో జరిగి 2007లో వెలువడిన అధ్యయనం ఒక హెచ్చరిక చేసింది: ఇరుగుపొరుగుల సగటు చెప్పినప్పుడు ఎక్కువ వాడేవారు తగ్గించారు గానీ, తక్కువ వాడేవారు "మనం ఇంకా వాడుకోవచ్చు" అన్నట్టు పెంచారు. తక్కువ వాడినవారి చీటీ మీద మెచ్చుకోలుగా ఒక నవ్వు మొహం గీస్తే ఆ పెరుగుదల ఆగింది. అమెరికాలోనే మరొక విశ్వవిద్యాలయ వసతి గృహాల్లో గదిని వెచ్చబెట్టే వాడకంపై ఇతరులతో పోల్చే నివేదికలు పంపితే దాదాపు ఏ మార్పూ రాలేదు. అక్కడ బిల్లు కట్టేది విద్యార్థులు కాదు. ఈ చివరిది మన పరిస్థితికి చాలా దగ్గరగా ఉంది కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఎవరికి వారికి చీటీ పంపితే అది చెత్తబుట్టలోకి పోతుంది. నలుగురూ అన్నం తినడానికి వెళ్లే దారిలో బోర్డు ఉంటే మాటల్లోకి వస్తుంది. నేను బోర్డును నమ్మడానికి కారణం అదే. గది నంబర్లు రాసి ఫలానా గది ఎక్కువ వాడిందని పెట్టడం మాత్రం వద్దు. జ్వరంతో పడుకున్నవాడి గది ఆ రోజు ఎక్కువే వాడుతుంది. అంతస్తు వరకు చాలు.

బహుమతులా జరిమానాలా అన్నదానికి నా జవాబు: రెండింటి మీదా ఎక్కువ ఆధారపడవద్దు. ఢిల్లీ ప్రాంతపు ఇళ్లలో జరిపిన ఒక అధ్యయనంలో, పక్క ఇళ్లతో పోల్చి చూపే వారపు నివేదికలతో వేసవి వాడకం 7 శాతం తగ్గింది. దానికి డబ్బు ప్రోత్సాహం కలిపేసరికి ఆ ప్రభావం లేకుండా పోయింది. చేయవలసిన పనిగా చేస్తున్నదానికి వెల కట్టగానే, ఆ వెల గిట్టుబాటు కాదనిపించిన రోజున మానేస్తారు. హాస్టళ్లలో నేను చూసినదీ అదే. ఒక ఏడాది గెలిచిన బ్లాకుకు నగదు బహుమతి ఇచ్చాం. ఆఖరి వారంలో పిల్లలు చదువుకునే దీపాలు కూడా ఆపేసి పక్క బ్లాకుకు వెళ్లి చదువుకున్నారు, బహుమతి వచ్చిన మర్నాటి నుంచి యథాప్రకారం. జరిమానాలతో వచ్చేది వేరే చిక్కు. గదిలో నలుగురుంటే ఎవరు ఆపలేదన్న తగవు, దాని వెంట స్నేహాలు చెడటం, వార్డెన్ అంటే కోపం. ఆ కోపం చివరికి స్విచ్ మీదే తీరుతుంది. నగదుకు బదులు మిగిలినది వాళ్లకే తిరిగి రావడం మేలు. అంతకుముందు ఏడాది ఇదే నెలతో పోల్చి మిగిలిన మొత్తంలో కొంత భాగాన్ని ఆ హాస్టల్‌కే ఖర్చు చేస్తామని రిజిస్ట్రారు దగ్గర కాగితం మీద ఒప్పందం తీసుకోండి. దేనికి ఖర్చు చేయాలో విద్యార్థుల కమిటీ తేలుస్తుంది. రీడింగ్ రూముకు ఫ్యానో, చల్లటి నీళ్ల యంత్రమో, బట్టలు ఆరేసే రేకుల కప్పో. ఆ వస్తువు కళ్ల ముందు ఉన్నంత కాలం దాని వెనక ఉన్న లెక్క గుర్తుంటుంది.

బకెట్‌లో ముంచి నీళ్లు కాచుకునే ఇమ్మర్షన్ రాడ్ల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం. ప్రతి హాస్టల్‌లో అవి నిషేధమే, డిసెంబరు వచ్చేసరికి ప్రతి అంతస్తులోనూ అవి ఉంటాయి. తనిఖీకి వస్తున్నారనగానే బీరువాలో బట్టల కిందికి పోతాయి. తడి చేతులు, ఇనుప బకెట్, ఎర్తింగ్ లేని పాత ప్లగ్, ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో నేను రాయనక్కర లేదు. పొదుపు లెక్క కూడా చూడండి. 20 లీటర్ల బకెట్‌ను 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవడానికి అర యూనిట్ కన్నా కొంచెం తక్కువ చాలు, 1500 వాట్ల రాడ్‌కు 20 నిమిషాల లోపు పని. కానీ రాడ్ పెట్టి మళ్లీ పడుకుంటే గంటకు ఒకటిన్నర యూనిట్, మూడింతలు. పైగా 100 రాడ్లు ఒకేసారి పొద్దున 6 గంటలకు నడిస్తే 150 కిలోవాట్ల లోడు ఒక్కసారిగా పడుతుంది. హెచ్.టి. సర్వీసుకు యూనిట్లతో పాటు ఆ నెలలో నమోదైన గరిష్ఠ డిమాండు, అంటే ఒకేసారి పడిన అత్యధిక లోడు మీద కూడా ఛార్జీ ఉంటుంది కాబట్టి, ఆ అరగంట నెల బిల్లులో కనబడుతుంది. దీనికి మందు తనిఖీ కాదు, వేడినీళ్లు. మేడ మీది సోలార్ హీటర్లు ఉప్పు నీళ్ల వల్ల గొట్టాల్లో గార కట్టి మూలబడి ఉంటే శుభ్రం చేయించి, పొద్దున 5 నుంచి 8 దాకా నీళ్లు వస్తాయని సమయం రాసి పెట్టి, ఆ సమయాన్ని ఒక్క రోజు కూడా తప్పకుండా నిలబెట్టుకోవాలి. మాట నిలబెట్టుకున్న నెల రోజుల తరువాత రాడ్లు తెచ్చి ఇవ్వమని అడిగితే చాలామంది ఇస్తారు.

ఎవరు చెబుతున్నారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. బయటి నుంచి పిలిపించిన వక్త కన్నా పక్క గది సీనియర్ మాట ఎక్కువ వింటారు. ఒకసారి హాస్టల్ సమావేశంలో రామగుండం వైపు నుంచి వచ్చిన ఒక ఎం.ఎస్‌సి. విద్యార్థి లేచి, తన తండ్రి సింగరేణి భూగర్భ గనిలో పనిచేస్తారని, రాత్రి షిఫ్టుకు వెళ్లిన రోజున ఆయన ఇంటికి తిరిగి వచ్చేదాకా అమ్మ నిద్రపోదని చెప్పాడు. "ఆ బొగ్గే ఇక్కడ ఖాళీ గదిలో ఫ్యానై తిరుగుతోంది" అని కూర్చున్నాడు. నేను అన్నేళ్లలో చెప్పిన వాటన్నిటికన్నా ఆ ఒక్క వాక్యం బలమైనది. మీ హాస్టళ్లలో రైతుల పిల్లలు ఎందరో ఉంటారు. రాత్రి విడత కరెంటు కోసం టార్చిలైటు పట్టుకుని పొలానికి వెళ్లిన తండ్రుల సంగతి వాళ్లకు తెలుసు. కరెంటు విలువ తెలిసిన ఆ గొంతులకు సభలో మైకు ఇవ్వండి. సమయం కూడా ముఖ్యమే: ప్రవేశాలు పూర్తయి కొత్తవారు గదుల్లో చేరే మొదటి రెండు మూడు వారాలు చాలా విలువైనవి. అప్పటికి ఇంటి అలవాటు ఇంకా పోలేదు, హాస్టల్ అలవాటు ఇంకా పడలేదు. డిసెంబరు 14 దాకా ఆగితే అప్పటికే చేతులు వేరే దారి పట్టి ఉంటాయి.

ల్యాబుల గురించి క్లుప్తంగా చెబుతాను. 60 కంప్యూటర్లు మానిటర్లతో సహా ఒక్కొక్కటి 80 వాట్ల చొప్పున రాత్రి 14 గంటలు ఊరికే వెలిగితే 67 యూనిట్లు. దీన్ని విద్యార్థుల జ్ఞాపకశక్తికి వదిలేయకుండా, వాడని కంప్యూటరు 15 నిమిషాలకు నిద్రావస్థకు వెళ్లేలా ల్యాబ్ సిబ్బందే అమర్చాలి. ఏ.సి. ఉన్న సెమినార్ హాళ్లలో 24 డిగ్రీల కంటే తగ్గించవద్దు. 2020 జనవరి నుంచి కొత్త ఏ.సి.లు ఆ డిగ్రీ దగ్గరే మొదలయ్యేలా తయారవుతున్నాయి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బి.ఇ.ఇ. చెబుతోంది. 26 పెట్టి ఫ్యాన్ వేసుకుంటే ఎవరికీ ఉక్కగా ఉండదు. మీ ఇంజనీరింగ్ విద్యార్థుల్లో ఆసక్తి ఉన్నవారికి బి.ఇ.ఇ. నిర్వహించే ఎనర్జీ ఆడిటరు (ఎక్కడ ఎంత ఇంధనం వాడుతున్నారో, ఎంత వృథా అవుతోందో లెక్కగట్టే నిపుణుడు) పరీక్ష గురించి చెప్పండి. హాస్టల్ లెక్కలు చూసిన అనుభవం వారికి ఆ దారిలో నిజంగా పనికొస్తుంది.

చేయకూడనివి కూడా చెప్పాలి. తరగతుల సమయంలో హాస్టల్‌కు మొత్తం కరెంటు తీసేసే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. యూనిట్లు తగ్గుతాయి, నిజమే. కానీ ఒంట్లో బాగాలేక గదిలో ఉన్న పిల్ల ఏప్రిల్ ఎండలో ఫ్యాన్ లేకుండా పడి ఉంటుంది, పరిశోధక విద్యార్థి పని ఆగిపోతుంది, అందరికీ పొదుపు అంటే శిక్ష అన్న భావం మిగిలిపోతుంది. మహిళా హాస్టళ్ల దారి దీపాలు, గేటు దగ్గరి దీపాలు, లైబ్రరీ నుంచి వచ్చే బాట దీపాలు పొదుపు జాబితాలోకి రాకూడదు. అవి భద్రత కోసం ఉన్నవి. నడి వేసవిలో ఫ్యాన్ తక్కువ వాడమని అడగటం కూడా న్యాయం కాదు. ఎవరూ లేని చోట నడిచేదాన్నే మనం ఆపమంటున్నాం, మనిషి ఉన్న చోట అవసరమైనదాన్ని కాదు. ఈ తేడాను మొదటి సమావేశంలోనే స్పష్టంగా చెబితే సగం వ్యతిరేకత అక్కడే పోతుంది.

ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే నాక్ సంస్థ ప్రమాణాల్లో ఇంధన పొదుపు చర్యల ప్రస్తావన ఉండటం వల్ల చాలా సంస్థలు ఎనర్జీ ఆడిట్ చేయించి ఫైలులో పెడుతున్నాయి. మీ దగ్గర అలాంటి నివేదిక ఉంటే బయటికి తీయండి. అందులో ఏ భవనం ఎంత వాడుతోందో, ఏ మార్పుకు ఎంత ఖర్చవుతుందో ఇప్పటికే రాసి ఉండవచ్చు. ఆ నివేదికను ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులకు ఇచ్చి, అందులోని ప్రతి సూచన పక్కన "అయింది", "కాలేదు" అని రాయించండి. ఎన్.ఎస్.ఎస్.లో ఏడాదికి 120 గంటల సేవ ఉంటుంది కదా, అందులో కొన్ని గంటలు ఇలా వెళ్తే అది ప్రతిజ్ఞ కన్నా ఎక్కువ ఫలం ఇస్తుంది. పోలిక ఎప్పుడూ కిందటి ఏడాది ఇదే నెలతోనే చేయాలి. మేలో ఎక్కువ, జనవరిలో తక్కువ వాడటం ఎండల వల్ల, ప్రచారం వల్ల కాదు. ఏ నెలలోనైనా తగ్గకపోతే తగ్గలేదనే బోర్డు మీద రాయండి. అంకెలో అబద్ధం కనబడిన రోజున విద్యార్థులు బోర్డు చూడటం మానేస్తారు.

మొదలుపెట్టడానికి పెద్ద అనుమతులేవీ అక్కర లేదు. ఒక హాస్టల్‌ను ఎంచుకోండి, అన్నిటినీ ఒకేసారి వద్దు. సబ్‌మీటరు లేకపోతే విద్యుత్తు విభాగానికి ఈ వారమే ఉత్తరం పెట్టి, అది వచ్చేలోగా స్విచ్‌ల అంకెలు, బట్టల తీగలు పూర్తి చేయించండి. మీటరు బిగించాక వచ్చే నెల 1వ తేదీ ఉదయం 6 గంటలకు ఇద్దరు విద్యార్థులను వెంటబెట్టుకుని ప్యానెల్ గదికి వెళ్లండి. ఎలక్ట్రీషియన్ తప్పనిసరిగా పక్కన ఉండాలి, పిల్లలు ప్యానెల్ తలుపు ముట్టకూడదు, మీటరు అంకెలను బయటి నుంచే చదవాలి. అందుకు వీలుగా మీటరు ముందు గాజు పలక పెట్టించమని ఉత్తరంలోనే రాయండి. మొదటి అంకెను వాళ్ల చేతే పుస్తకంలో రాయించి, తేదీ, సమయం వేయించి, సంతకం పెట్టించండి. అక్కడి నుంచి నేరుగా మెస్ బోర్డు దగ్గరికి తీసుకువెళ్లి అదే అంకెను సుద్దముక్కతో రాయించండి. టిఫిన్‌కు వచ్చేవాళ్లు ఇదేమిటని అడుగుతారు, జవాబు ఆ ఇద్దరినే చెప్పనివ్వండి.